పాత ఆయిలు బాధ్యత ఎవరిది?

బండి యిరుసునకు కందెన పెట్టించుటకై మన పెద్దలు బెజవాడకు పోయి యుండలేదు. ఎవరి బండికి వారే పెట్టుకొనెడివారు. నేడు బండికి మాఱు ట్రాక్టరును, కందెనకు మాఱు ఇంజను ఆయిలును వచ్చినవి. దానితో ఆ చిన్నపని రైతు చేతినుండి జాఱి మెకానిక్కు చేతిలో పడినది. ఈ పనిని రైతు మరల తన చేతికి తీసికొనవలెననియు, తీసికొనునపుడు దాని లాభముతో బాటు దాని బాధ్యతను గూడ తీసికొనవలెననియు మా యభిప్రాయము.

ఆయిలు ఇంజనులో ఊరక నిలిచియుండు వస్తువు కాదు. అది ఇనుమునకు ఇనుము ఒరయకుండ కాపాడును. వేడిని కొంత మోసికొనిపోవును. డీజెలు మండగా పుట్టిన మసిని, అరిగిన లోహపు రజనును తనలో కలుపుకొనును. ఆ మలినమును పట్టుటకే ఫిల్టరున్నది. ఫిల్టరు నిండిపోయినచో, ఇంజను ఎండిపోకుండుటకై ప్రక్కదారి తెఱచుకొని, వడగట్టని ఆయిలే లోపల తిరుగును. కనుక ఆయిలు మార్చి పాత ఫిల్టరునే యుంచుట స్నానము చేసి మాసిన గుడ్డలు కట్టుకొనుట వంటిది.

ఎప్పుడు మార్చవలెను? ట్రాక్టరునకు మైళ్ల లెక్క పనికిరాదు, గంటల లెక్క కావలెను. పెక్కు ట్రాక్టర్లకు సుమారు 250 గంటలకు ఒకసారి యని చెప్పుదురు. కొన్నిటికి గడువు వేఱుగా నుండును. బండితో ఇచ్చిన పుస్తకములో నున్నదే ప్రమాణము. మన డెల్టాలో దమ్ము కాలమున ట్రాక్టరు దినమునకు పది గంటలు బురదలో బరువులాగును. ఆ లెక్కను 25 దినములకే గడువు ముగియును. అనగా ఒక్క దమ్ము కాలములోనే ఆయిలు మార్చవలసి రావచ్చును. సరిగా ఆ దినములలోనే మెకానిక్కునకు తీరిక యుండదు. రైతునకు బండి నిలుపుట కిష్టముండదు. “ఈ చేను కానిమ్ము” అని వాయిదా వేయుటలోనే ఇంజను చెడుచున్నది.

ఆటోనగర్ వంటి పనివారల సముదాయము విజయవాడలో నుండగా, ఇంటివద్ద ఈ పాటు ఎందుకని కొందఱందురు. పంపు విప్పుటకు, హెడ్డు దించుటకు, గేరుపెట్టె బాగుచేయుటకు ఆ పనివారలే కావలెను. వారి నేర్పును మేము తక్కువ చేయుట లేదు. కొత్త బండికి గ్యారంటీ గడువు తీరువరకు కంపెనీ సర్వీసునకే పంపుట మేలు. కాని ఒక బోల్టు విప్పి, ఒక ఫిల్టరు మార్చి, కొలత ప్రకారము ఆయిలు పోయుటకు దూరము పోనక్కఱలేదు.

పని క్రమమిది. బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజనును అయిదు నిమిషములు నడపి ఆపవలెను. ఆయిలు గోరువెచ్చనైనచో మసితో గూడ బాగుగా దిగును; మరీ కాగియున్న చేయి కాలును. క్రింద వెడల్పైన పళ్లెము పెట్టి, పానాతో అడుగు బోల్టు విప్పి, చుక్క నిలుచువరకు ఓపిక పట్టవలెను. పాత ఫిల్టరు తీసినపుడు దాని రబ్బరు చుట్టు ఇంజనునకే అంటుకొని యుండకుండ చూడవలెను. కొత్త ఫిల్టరు రబ్బరునకు కొత్త ఆయిలు కొంచెము రాచి, చేతితోనే బిగింపవలెను. అడుగు బోల్టునకు వాషరు సరిచూచి బిగించి, పుస్తకములో చెప్పిన తరగతి ఆయిలును డిప్‌స్టిక్కుపై గల రెండు గీతల నడుమకు వచ్చునట్లు పోయవలెను. పిమ్మట ఇంజను నడపి, ఆయిలు దీపము ఆఱినదా, ఎచ్చటనైన కారుచున్నదా యని చూచి, ఆపి కొంతసేపైన తరువాత మరల కొలవవలెను. తేదీని, గంటలను గోడమీదనైన వ్రాసికొనవలెను. ఇంట కారు గలవారికిని పద్ధతి ఇంచుమించు ఇదియే. అయితే కేవలము జాకీని నమ్మి ఎవ్వరును బండి క్రింద దూరరాదు.

ఈ పని స్వయముగా చేయుటలో కూలి మిగులుటకంటె గొప్ప లాభ మొకటి కలదు. దిగిన ఆయిలును రైతు తన కంటితో చూచును. డీజెలు ఇంజనులో ఆయిలు నల్లబడుట సహజము, దానికి భయపడ నక్కఱలేదు. పాలవలె తెల్లబడినచో నీరు చేరినదని యర్థము. పలుచనై డీజెలు వాసన వేసినచో ఇంధనము దిగుచున్నదని యర్థము. ఇనుప ముక్కలు మెఱసినచో లోపల అరుగుడు మించినదని యర్థము. అప్పుడు మెకానిక్కు కడకు పోవలెను.

ఇక అసలు చిక్కునకు వత్తము. మెకానిక్కు పాత ఆయిలును డ్రమ్ములో పోసి యమ్ముకొనును. రైతు ఇంటివద్ద మార్చినపుడు ఆ ఆయిలు ఏమగును? కొందఱు దొడ్డిగోడ ప్రక్కను పోయుదురు. కొందఱు బోదెలో వంచుదురు. కొందఱు గజ్జికి మందని పశువులకు పూయుదురు. పశువు ఒడలు నాకుకొనును గదా! పాత ఆయిలులో లోహపు రజనును, పుండు పుట్టించు విషపదార్థములును ఉండును. అది చేతి కంటినను సబ్బుతో కడుగుకొనవలసినదే.

మన డెల్టాలో ఈ తప్పిదము ఇతర సీమలలో కంటె పెద్దది. 1855లో ఆనకట్ట పూర్తియైన నాటినుండియు, 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చిన పిమ్మటను, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మన పొలములకే గాక మన కడవలకును నీరిచ్చుచున్నవి. వేసవిలో కాలువలు కట్టివేయుటకు ముందు గ్రామముల మంచినీటి చెఱువులు నింపుకొనునది ఈ నీటితోనే. ఒక గ్యాలను పాత ఆయిలు పదిలక్షల గ్యాలన్ల మంచినీటిని చెఱుపగలదని అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. పై ఊరివాడు బోదెలో వంచినది క్రింది ఊరివాని చెఱువునకు చేరును; ప్రతి యూరును మఱియొక యూరికి పై ఊరే.

ఒక్క రైతు దీనికి మందు వేయలేడు. ఏడు లీటర్ల పాత ఆయిలు కొనుటకు ఎవ్వరును పల్లెకు రారు. ఇచ్చటనే సహకార సంఘము కావలెను. ఒక ట్రాక్టరు ఏటికి వేయి గంటలు నడచి, నాలుగు మార్లు ఏడేసి లీటర్లు దింపినచో 28 లీటర్లు. ఏబది ట్రాక్టర్లకు 1,400 లీటర్లు, అనగా 200 లీటర్ల డ్రమ్ములు ఏడు. ఏడు లీటర్లకు రానివాడు ఏడు డ్రమ్ములకు వచ్చును.

2016 నాటి కేంద్ర నిబంధనలలో వాడిన ఆయిలు ప్రమాదకర వ్యర్థముగా లెక్కింపబడినది. దానిని తిరిగి శుద్ధిచేయించు బాధ్యతను ఆయిలు తయారుచేయువారిపై మోపు నియమము 2024 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. శుద్ధి చేసినచో అది మరల ఆయిలగును.

కావున సంఘములకు మా సూచన యిది. ఎరువుల గోదామునకు దూరముగా, గచ్చునేలపై, కప్పు క్రింద, తాళము గల డ్రమ్ము నొకటి యుంచుడు. అందులో నీరు గాని, పురుగుమందు గాని కలియనీయకుడు. ఎవరు ఎన్ని లీటర్లు తెచ్చినదియు పుస్తకమున వ్రాసి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి గలవారికే అమ్మి, పైకము సభ్యుల లెక్కలో జమకట్టుడు. కొత్త ఆయిలును, ఫిల్టర్లను అందఱకు కలిపి కొనినచో ధరయు తగ్గును, కల్తీ భయమును తగ్గును. ఖాళీ డబ్బాలను బొక్కపొడిచి పాఱవేసినచో వానిలో దొంగ ఆయిలు నింపువారికి తావుండదు.

దమ్ము చక్రములు దించక ముందే ఈ విషయమును సర్వసభ్య సమావేశమున పెట్టవలెనని సభ్యులను కోరుచున్నాము. డ్రమ్ము ఖర్చు స్వల్పము. చెఱువు చెడినచో దానిని బాగుచేయు ఖర్చు ఏ సంఘమును భరింపలేదు.