పులి ఆట - మేకల చరిత్ర

పాత దేవాలయముల రాతి అరుగుల మీద పులిజూదపు గీతలు నేటికిని అక్కడక్కడ కానవచ్చుచుండును. పులులు 3, మేకలు 15. పులికి దూకి చంపు బలము కలదు. మేకకు అట్టి బలము లేదు. అయినను మేకలు ఒకదాని ప్రక్క నొకటి చేరి దారులు మూసినచో పులి కదలలేక నిలిచిపోవును. ఈ ఆట నేర్చు బాలునకు ఐకమత్యమును గూర్చి ఎవరును ఉపన్యసింపరు. ఆట నియమమే అతనికి పాఠము. ఏ ఆటయైనను తన బొమ్మలచేతను, కథచేతను బోధించుదానికంటె నియమములచేత బోధించునదే మిక్కుటము.

ఈ దృష్టితోనే నేటి విద్యార్థులు మక్కువతో ఆడు చారిత్రక వీడియో ఆటలను పరిశీలింపవలసి యున్నది. వానిలో మిగుల ప్రసిద్ధి కెక్కినది యూబీసాఫ్ట్ సంస్థకు చెందిన మాంట్రియల్ శాఖవారు నిర్మింపగా 2007లో వెలువడిన ‘అసాసిన్స్ క్రీడ్’. కథాకాలము 1191వ సంవత్సరము, అనగా మూడవ క్రూసేడు యుద్ధకాలము. జెరూసలేము, డమాస్కసు, ఆకర్ నగరములు ఇందలి రంగస్థలములు. నాయకుడు ఆల్టయిర్ అను గూఢహంతకుడు. తొమ్మండుగురు ప్రముఖులను సంహరించుట అతనికి విధింపబడిన కార్యము.

ఈ ఆట కూర్పునందు మెచ్చదగిన నేర్పు కలదు. అంతకుముందు వచ్చిన పెక్కు గూఢచార క్రీడలలో ఆటగాడు చీకటినో, గోడచాటునో ఆశ్రయించెడివాడు. ఇందు పట్టపగటి జనసమ్మర్దమే అతనికి చాటు. వీధిలో పరుగెత్తినచో భటులకు అనుమానము కలుగును. చేతులు జోడించి, తల వంచి, మెల్లగా నడచినచో దారి దొరకును. తెల్లని అంగీలు ధరించిన పండితుల గుంపులో కలిసినచో కావలి ద్వారమును సైతము దాటవచ్చును. ఎత్తయిన గోపురమెక్కి చూచినగాని నగరపటము పూర్తిగా తెలియదు. విచారణ ముగించి, స్థానికాధికారి చేతినుండి అనుమతి చిహ్నముగా నొక ఈకను పొందినగాని కార్యమునకు పూనుకొనరాదు. నిరపరాధులను చంపినచో శిక్ష కలదు. ఆల్టయిర్ పౌరులను చంపలేదని ఆట హెచ్చరించును. తొందరపడకుము, చూచి అడుగు వేయుము, చేయి నిగ్రహించుకొనుము అను మూడు పాఠములు ఒక్క నీతివాక్యము లేకయే ఆటగాని వ్రేళ్లకు అలవడును.

ఈ మారువేషమునకు చరిత్రలో ఆధారము లేకపోలేదు. నిజారీ ఇస్మాయిలీలు సిరియా కొండకోటలలో నివసించి, అసాసిన్లను పేర పాశ్చాత్యులకు భయము గొల్పిరి. 1192 ఏప్రిల్ 28న టైర్ నగరమున మాంట్‌ఫెరాట్ కాన్రాడును చంపిన ఇరువురును క్రైస్తవ సన్యాసుల వేషమున నుండిరని చెప్పుదురు. ఆటలో మాత్రము కాన్రాడ్ తండ్రియైన విలియం పేరిటి పాత్ర ఆకర్ నగరమున ఒక సంవత్సరము ముందుగనే హతమగును. ఇట్టి మార్పులను పట్టి చూపుట ఉపాధ్యాయునకు సులభమే. తేదీల తప్పు పుస్తకము తెరచి చూచిన సరిపోవును. నియమములలోని తప్పు అంత తేలికగా దొరకదు.

ఆ తప్పు రెండు విధములు. మొదటిది సాక్ష్యమునకు సంబంధించినది. చాటుననుండి విన్న మాట, జేబునుండి తీసిన ఉత్తరము, పిడికిటి దెబ్బలతో రాబట్టిన సమాచారము, మూడును ఇందు సమానముగనే లక్ష్యమునకు దారి చూపును. కొట్టినచో నిజము బయటపడునను నమ్మకము ఆట నియమముగా మారినది. చరిత్ర విద్యార్థికిగాని, పౌరునకుగాని ఇంతకంటె కీడు చేయు నమ్మకము అరుదు. చంపబడువారు తుదిఘడియలలో తమ పక్షమును చెప్పుకొనుటయు, నాయకునకు తన గురువుపై సందేహము పుట్టుటయు కథలో కలవు. కాని అవి కథకు పరిమితములు. దెబ్బల నియమము చెక్కుచెదరదు.

రెండవది ఇంకను లోతైనది. వీధులనిండ జనమున్నారు. నీటికుండలు మోయువారు, వర్తకులు, బిచ్చగాండ్రు, వక్తలు, అందరును కలరు. కాని వారు తెరలు, లేదా అడ్డంకులు. భటుల బారినుండి ఒకరిని రక్షించినచో ఆ పేటవారు కొందరు వెంటాడు భటులను పట్టి ఆపుదురు; అదియును నాయకుని మేలుకు ప్రతిఫలమేగాని వారి స్వకార్యము కాదు. ముట్టడిలో నలిగిన ఆకర్ ప్రజలకు ఏమి కావలసెనో ఆట అడుగదు. రాజుల వంశావళిగా చరిత్ర చదివినవారికి ఇది క్రొత్త గాదు. రాజు స్థానమున హంతకుడు నిలిచెను. ప్రజ ఉన్నచోటనే యున్నది.

ఆట ఆటయేకదా, ఇంత విచారణ యేల అనువారు కలరు. ఇట్టివానిని పిల్లల కంటబడనీయరాదనువారును కలరు. మొదటివారు నియమముల బలమును గుర్తింపలేదు. రెండవవారు పిల్లల కుతూహలమును గుర్తింపలేదు.

ఈ పరంపరలోనే ప్రాచీన ఈజిప్టును చిత్రించిన ఆట 2017లో వచ్చెను. మరుసటి సంవత్సరము దానికి పోరాటము లేని యాత్రారూపము నొకటి చేర్చిరి. అందు 75 సందర్శన మార్గములు కలవు. సామాన్యుని రూపమున సైతము ఊరూర తిరుగుచు వారి దైనందిన జీవనమును చూడవచ్చును. బాలబాలికలు కలిసి చదువు పాఠశాలను చూపి, అది చారిత్రక సత్యము కాదనియు, తాము కోరి చేసిన మార్పనియు నిర్మాతలే ఒప్పుకొనిరి. కత్తి తొలగినంతనే జనము కనబడిరి! కాని కత్తితోపాటు ఆటయు తొలగినది. అక్కడ చూచుట కలదు, వినుట కలదు. ఎత్తు వేయుట లేదు, ఓడుట లేదు. ప్రజ కనబడినది గాని ఆడలేదు.

కనుక ఉపాధ్యాయుడు ఈ ఆటలను నిషేధింపనక్కరలేదు, నెత్తికెత్తుకొననక్కరలేదు. ఆడివచ్చిన విద్యార్థిని ఒక్క ప్రశ్న అడిగిన చాలును: “నీవు చాటు చేసికొన్న ఆ గుంపులోని మనిషి ఆ దినమున ఎక్కడికి పోవుచుండెను?” దానికి సమాధానము వెదకుచు వాడు గ్రంథాలయమునకు పోయినచో, ఆట తాను చేయని మేలును కూడ చేసినదగును.

పులిజూదమున మేకల పక్షమున కూర్చుండుటకు ఒక ఆటగాడుండును. కోట్లు వెచ్చించి నిర్మించు ఈ మహానగరములలో ఆ పీట ఇంకను ఖాళీగనే యున్నది. నేడు బడిలో కూర్చున్న పిల్లలలో ఎవరైనను రేపు ఆ పీట వేయగల ఆటను నిర్మించినచో, చరిత్రకును ఆటకును న్యాయము జరుగును.