అతనికి తప్పలేదా?

రేపు ఉదయం తొమ్మిదింటికి ఆప్టిట్యూడ్ టెస్ట్. ఇప్పుడు టైమ్ రాత్రి రెండు. హాస్టల్ గదిలో దుప్పటి ముసుగు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లల్లో నీళ్లు. పక్క మంచం మీది ఫ్రెండ్ లేచి కంగారుగా ‘ఏమైందే, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా?’ అని అడిగితే, ‘ఏం లేదే... వాడు ఆ పిల్ల తాతను చంపేశాడే’ అని జవాబు. ఎవడు? ఏ పిల్ల? చైనా సీరియల్లో.

ఈ పేజీలో ఇలాంటి ప్రారంభం కనపడితే తర్వాత ఏం వస్తుందో మీకు కంఠతా వచ్చు. సీరియళ్లు మానండి, టైమ్‌టేబుల్ వేసుకోండి... ఈ వారం ఆ పాట పాడటం లేదు. చూసినవాళ్లు ఎలాగూ చూశారు. చూశాక ఏమన్నారన్నదే ఇక్కడ విషయం. ఎందుకంటే ఆ మాటల్లో, ఇంకో ఆరు నెలల్లో మీరు ఎదుర్కోబోయే ప్రశ్న ఒకటి ఉంది.

సీరియల్ పేరు ‘గుడ్‌బై మై ప్రిన్సెస్’. చైనీస్‌లో అసలు పేరు ‘దోంగ్ గోంగ్’, అంటే తూర్పు మందిరం. యువరాజు నివాసానికి అక్కడ పాతకాలం నుంచీ ఉన్న పేరు అది. ఫెయ్ వో సి త్సున్ అనే రచయిత్రి నవల ఆధారంగా తీశారు. యూకు అనే స్ట్రీమింగ్ సంస్థలో 2019 ఫిబ్రవరి 14న, సరిగ్గా ప్రేమికుల రోజున మొదలైంది. ఏడిపించడానికి మంచి ముహూర్తమే చూసుకున్నారు. చూడనివాళ్లు క్షమించాలి, ముగింపుతో సహా చెప్పకపోతే ఈ వ్యాసం నడవదు.

షియావ్‌ఫంగ్ ఎడారి రాజ్యం షీచౌకి తొమ్మిదో రాకుమారి. పొరుగు సామ్రాజ్యపు యువరాజుకు ఆమెను ఇచ్చి పెళ్లి చేయాలని ఒత్తిడి. అదే సమయంలో ఆమెకు గూ షియావ్‌వూ అనే కుర్రాడు తారసపడతాడు. తేయాకు వ్యాపారినని చెబుతాడు. ఆమె కోసం మిణుగురులు పట్టి తెస్తాడు. ఆమె తాత దాన్‌చి తెగకు అధిపతి. ఆయన పెట్టిన పరీక్షలో నెగ్గడానికి అందరూ భయపడే తెల్లకళ్ల తోడేలును చంపి తెస్తాడు. పెళ్లి నిశ్చయమవుతుంది. కానీ అతను వ్యాపారి కాదు, ఆ సామ్రాజ్యానికే ఐదో రాకుమారుడు లీ చెంగ్‌యిన్. దాన్‌చి తెగ స్థావరం ఎక్కడుందో కనిపెట్టడానికే మారుపేరుతో వచ్చాడు. పెళ్లివేళే సైన్యం వచ్చి పడుతుంది. తాత చనిపోతాడు, తెగ తుడిచిపెట్టుకుపోతుంది. ఆమె విస్మృతి నదిలో దూకేస్తుంది. వెనకాలే అతనూ దూకుతాడు. ఇద్దరూ బతుకుతారు, ఇద్దరూ గతం మర్చిపోతారు. తర్వాత అదే ఇద్దరికీ రాజకీయ వివాహం జరుగుతుంది. ఆమె యువరాణిగా తూర్పు మందిరంలో అడుగుపెడుతుంది, తన భర్త ఎవరో తెలియకుండా.

చరిత్ర నేపథ్యమని పేరే గానీ రాజ్యాలన్నీ కల్పితం. పెళ్లితో సరిహద్దు కొనుక్కునే ఆచారం మాత్రం నిజం. 641లో థాంగ్ వంశం వెన్‌చెంగ్ అనే రాకుమారిని టిబెట్ రాజు సోంగ్‌త్సెన్ గంపోకు ఇచ్చి పంపింది. చైనా చరిత్రలో ఎక్కువగా వినిపించేది ఇలా రాజధాని నుంచి బయటికి వెళ్లిన ఆడపిల్లల కథే. ఈ సీరియల్ దాన్ని తిరగేసి, సరిహద్దు పిల్లను రాజధానికి తెచ్చింది.

ఇక ప్రేక్షకులు. ఈ రకం కథలకు చైనాలో ‘న్యుయె’ అనే మాట ఉంది. హింసపెట్టడం అని అర్థం. మనసు మెలిపెట్టే సన్నివేశం వస్తే ‘కత్తి దించారు’ అంటారు. రచయిత మీద కోపమొస్తే ‘బ్లేడ్లు పోస్టు చేస్తాం’ అని బెదిరిస్తారు, సరదాకే లెండి. అక్కడి వీడియో సైట్లలో వ్యాఖ్యలు కింద కాదు, తెర మీదే బాణాల్లా అడ్డంగా దూసుకుపోతాయి. ఈ పద్ధతి జపాన్‌లో పుట్టి చైనాకు వచ్చింది. హీరో మొదట్లో హీరోయిన్‌ను ఏడిపించి చివర్లో వెంటపడి బతిమాలే కథలకైతే ఏకంగా ‘శ్మశానం’ అని పేరు పెట్టారు. ఏడిపించినప్పుడు క్షణం సుఖం, తిరిగి దక్కించుకునేటప్పుడు కాష్ఠమే అని లెక్క. అన్నిటికంటే నాకు నచ్చిన మాట ‘యీ నాన్ పింగ్’. కథ అయిపోయినా మనసు సర్దుకోకపోవడం. దానికి మన దగ్గర ఒక్క మాట లేదు గానీ, ఆ స్థితి మనకు కొత్త కాదు. 1978లో ‘మరోచరిత్ర’ చూసి హాలు బయటికొచ్చిన మీ అమ్మమ్మ తరం వాళ్లను అడగండి.

అయితే ఏడవడం వరకే అందరూ ఒకటి. ఆ తర్వాత రెండు జట్లు. ఒక జట్టు లీ చెంగ్‌యిన్‌ను ‘జానాన్’ అంటుంది. చెత్త మగాడు అని సుమారు అర్థం. రెండో జట్టు అతని కోసం కూడా ఏడుస్తుంది. వాళ్ల వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. పాపం, కన్నతల్లి లేడు. పెంచిన మహారాణి ప్రేమ నమ్మదగింది కాదు. వారసత్వ పోరులో వెనకబడినవాడు ఓడిపోవడం కాదు, చచ్చిపోతాడు. అతను ఇంకేం చేయగలడు? చైనీస్‌లో దీనికి నాలుగక్షరాల నానుడి ఉంది: ‘షెన్ బూ యో జీ’. ఒళ్లు తన చేతిలో లేదు అని. తెలుగులో మనం వాడే మాట ఇంకా చిన్నది. ‘తప్పలేదు.’

పైగా నదిలో దూకాడు కదా, అంటారు ఈ జట్టువాళ్లు. ప్రేమ లేనివాడు దూకుతాడా? దూకడు. ప్రేమ ఉందనే నేనూ ఒప్పుకుంటాను. కానీ అసలు ప్రశ్న అది కాదనిపిస్తుంది. ప్రేమ ఉందా లేదా అని యాభైకి పైగా ఎపిసోడ్లు వాదించుకున్నవాళ్లలో దాన్‌చి తెగ గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. తాత చనిపోయిన ఎపిసోడ్‌లో అందరూ ఏడ్చారు. ఆ తర్వాత ఆయన ముఖం తెర మీద లేదు. అతని ముఖం ఉంది, చాలా దగ్గరగా, కన్నీళ్లతో. నటుడు చెన్ షింగ్‌షూ 1996లో పుట్టాడు. సీరియల్ వచ్చేనాటికి 22 ఏళ్లు, మీ ఈడువాడే. కళ్లతోనే సగం కథ నడిపించాడు. మన జాలి కెమెరా ఎటు చూపిస్తే అటు పోయింది. ఎవరికి తెర మీద ఎక్కువ సమయం దొరికితే వాళ్ల ‘తప్పలేదు’ మనకు సబబుగా కనిపించింది.

నవలలో ఈ సౌకర్యం లేదు. అది షియావ్‌ఫంగే ‘నేను’ అంటూ చెప్పిన కథ. తూర్పు మందిరంలో మామూలు గొడవతో మొదలవుతుంది. ఆమెకు ఏం గుర్తుంటే పాఠకుడికీ అంతే తెలుసు. నిజం తెలిసే వేళకు ఇద్దరూ ఒకేసారి కూలబడతారు. సీరియల్ మాత్రం వరుస మార్చి ఎడారి నుంచి మొదలెట్టింది. దాంతో ఆమెకు తెలియనిది మనకు తెలుసు. ఆమె అతన్ని చూసి నవ్వినప్పుడల్లా మనం లోపల ‘వద్దే’ అంటుంటాం. బాధ పెరిగింది, నిజమే. కానీ అతని చాటు బాధలన్నీ కూడా మనం చూసేశాం. అందుకే రెండో జట్టు పుట్టింది.

మర్చిపోవడం మనకు తెలిసిన కథే. దుష్యంతుడు. కాళిదాసు నాటకంలో దుర్వాసుడి శాపం, ఉంగరం పోవడం, అందువల్ల రాజు శకుంతలను గుర్తుపట్టలేకపోవడం. తప్పు రాజుది కాదు, శాపానిది. భారతంలో ఆ శాపం లేదు. నన్నయ తెలుగు భారతంలోనూ లేదు. అక్కడ రాజుకు అంతా గుర్తుంది. నిండు సభలో తెలిసే ‘నువ్వెవరో ఎరగను’ అంటాడు. ఆకాశవాణి పలికాక నోరు విప్పి, నాకు తెలుసు గానీ లోకం ఏమనుకుంటుందోనని అలా అన్నానంటాడు. అదీ ‘తప్పలేదు’ కిందికే వస్తుంది. సత్యం గురించి అక్కడ శకుంతల చేసిన వాదన మీలో చాలామంది పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. కాళిదాసు శాపాన్ని తెచ్చి నాయకుణ్ని కాపాడాడు. చైనా రచయిత్రి మతిమరుపు ఇచ్చింది గానీ కాపాడలేదు. అతను తప్పు చేసింది మర్చిపోకముందు.

ఇప్పుడు మీ సంగతి.

ఈ మధ్య ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలతో మాట్లాడితే తరచుగా వినిపించే మాటలు ఇవి. ‘రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టకపోతే రెజ్యూమెనే తెరవట్లేదు సార్, తప్పలేదు.’ ‘ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో నా బదులు సీనియర్ అన్న మాట్లాడాడు. ఇంట్లో లోన్ ఉంది, తప్పలేదు.’ ఇవి చెప్పేవాళ్లు దుర్మార్గులు కాదు. వాళ్ల కష్టం నిజం. ఫ్రెషర్ ఉద్యోగానికి అనుభవం అడిగే ప్రకటన చూస్తే నాకూ ఒళ్లు మండుతుంది. కానీ మారుపేరుతో ఎడారికి వెళ్లిన వ్యాపారికీ, లేని కంపెనీలో పనిచేసినట్లు కాగితం పట్టుకెళ్లిన అభ్యర్థికీ పెద్ద తేడా కనిపించదు. ఇద్దరూ మొదట్లో బాగానే నెగ్గుతారు. తర్వాతే చిక్కు. చాలా కంపెనీలు చేరాక కూడా పాత ఉద్యోగాల వివరాలు తవ్వుతాయి. పీఎఫ్ ఖాతాలో ఎక్కడ ఎన్నాళ్లు పనిచేశారో ఉంటుంది, లేకపోతే లేదనీ తెలుస్తుంది. దొరికితే ఉద్యోగం పోతుంది. దొరక్కపోతే రోజూ ఎవరు అడుగుతారో అన్న భయం.

దొరుకుతామా లేదా అన్నది కూడా పక్కన పెట్టండి. ఆ ఖాళీకి నిజంగా తయారై, నిజం రాసిన రెజ్యూమెతో వరుసలో నిలబడ్డ ఇంకొకరు ఉన్నారు. వాళ్ల ముఖం మీకు కనిపించదు. మీ లోన్ కనిపిస్తుంది, మీ అమ్మ ముఖం కనిపిస్తుంది. కెమెరా మీ మీదే ఉంది కాబట్టి మీ ‘తప్పలేదు’ మీకు న్యాయంగా తోస్తుంది. దాన్‌చి తాతను మర్చిపోయినట్లే ఆ రెండో అభ్యర్థిని మర్చిపోతాం.

మళ్లీ సీరియల్‌కి. ఆ కథ మొత్తంలో అన్నిటికంటే తక్కువ దారులున్నది ఎవరికి? రాకుమారుడికి కాదు, అతనికి సైన్యం ఉంది. షియావ్‌ఫంగ్‌కి. పెళ్లి ఆమె చేతిలో లేదు, ఊరు ఆమె చేతిలో లేదు, కొన్నాళ్లు జ్ఞాపకం కూడా ఆమె చేతిలో లేదు. అన్నీ గుర్తొచ్చాక, రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ చోట ఆమె అతన్ని నన్ను ప్రేమించావా అని అడగదు. నువ్వు బతికున్నంత కాలం షీచౌ మీదికి దండెత్తకూడదని మాట తీసుకుంటుంది. ఆ తర్వాత ఆమె ప్రాణం తీసుకోవడాన్ని అంత అందంగా చిత్రించడం మీద నాకు అభ్యంతరం ఉంది. బతికి ఆ మాట నిలబెట్టించుకున్న రాకుమారి కథ ఇంకా కష్టం, ఇంకా గొప్ప. కానీ ఆ చివరి కోరిక దగ్గర ఆగి చూడండి. ‘నాకు తప్పలేదు’ అనడానికి అందరికంటే ఎక్కువ హక్కున్న మనిషి ఆ మాట అనకుండా, తెర మీద కనిపించని జనం కోసం అడిగింది. వాదులాడుకున్న రెండు జట్లూ ఎక్కువగా దాటేసిన సన్నివేశం అదే.

చూడాలనిపిస్తే పరీక్షలయ్యాకే చూడండి, ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. పెళ్లి ఎపిసోడ్ అవ్వగానే ఒకసారి ఆపి, అతనికి తప్పలేదా అన్నదానికి మీ జవాబు, కారణాలతో పది లైన్లు రాసి పెట్టుకోండి. చివరి ఎపిసోడ్ అయ్యాక ఆ కాగితం మళ్లీ తీయండి. మారిందా? ఏ సన్నివేశం మార్చింది? ఇంటర్వ్యూల్లో ‘మీరు ఒత్తిడిలో తీసుకున్న ఒక కష్టమైన నిర్ణయం చెప్పండి’ అని అడుగుతుంటారు. అక్కడ చెప్పడానికి మీ దగ్గర ఏముందో ఆ కాగితం పక్కనే రాసుకోండి.