మడి నాది, పట్టా ఆయనది

సబ్జా గింజలు కొనేవాళ్ళకి దాని వెనక పని కనిపించదు. కోటలో పెట్టి మొక్కే తులసి కాదిది, దాని చుట్టం. వాసన ఆకుకీ, షర్బత్తులో వేసే గింజకీ పెంచుతాం. జానెడు ఎత్తు రాగానే కొస తుంచాలి, లేకపోతే పక్కకొమ్మలు రావు. కోత ఎండ ఎక్కకముందే అయిపోవాలి. ఆకుల జత పైన కోయాలి. మొదలంటా కోస్తే మొక్క మళ్ళీ లేవదు. కంకి వేసిందా, ఆకు గిడసబారుతుంది. గింజ కోసం విడిచిన మొక్కల కంకులు ఎండాక నలిపి చేటతో చెరగాలి. జైనూర్ దగ్గర బావి కింద మా మడిలో సబ్జా, పుదీన, పుంటికూర పనులన్నీ నావే. సంతకి మోసేదీ నేనే. మోటారు బాగుచేయించడానికి అప్పు కోసం వెళ్తే “పట్టాదారుని తీసుకురా” అన్నారు. పట్టాదారు మా ఆయన. కొస ఎక్కడ తుంచాలో ఆయనకి తెలీదు!

దీన్ని మా ఇంటి గొడవ అని కొట్టెయ్యకండి. 2018 నాటి రైతుబంధు పట్టాదారు పేరునే వచ్చింది. 2025లో ఎకరానికి ఏడాదికి 12 వేలంటూ మొదలైన రైతు భరోసా కూడా పట్టానే చూసింది. చెమట ఎవరిదని ఎవరూ అడగలేదు.

మా గోండు ఆడవాళ్ళకి ఇంకో గోడ ఉంది. 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు. 1986లో రాష్ట్రంలో, 2005లో దేశమంతటా ఆడపిల్లలకి ఆస్తి హక్కు వచ్చిందని చేసుకున్న సంబరం మా గూడేల దాకా రాలేదు. అడిగితే “భూమి పరుల చేతికి పోతుంది” అంటారు పెద్దలు. పోకుండా ఆపాల్సింది 1970 నాటి 1/70 చట్టం. గిరిజనేతరులకి బదలాయింపు కూడదంటుందిగాని, పట్టాలో ఉన్నది కొడుకా కూతురా అని అది చూడదు. మరి భూమిని కాపాడ్డానికి కూతుర్ని బయట నిలబెట్టడం దేనికి?

2025 జులై 17న సుప్రీంకోర్టు ఛత్తీస్‌గఢ్‌లోని ఒక గోండు కుటుంబం కేసులో ఆడబిడ్డ వారసులకి సమాన వాటా ఇచ్చింది. ఆడవాళ్ళకి వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు కాదనడం సమానత్వానికి విరుద్ధమంది. పెద్దలు ఆచారం అన్నప్పుడల్లా ఈ మాట వాళ్ళ ముందు పెట్టాలి.

2006 అటవీ హక్కుల చట్టం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలంటుంది. పోడుకి సరైనది బావి కింది మడికి ఎందుకు సరికాదు? జాయింటు పట్టా అడుగుదాం అక్కల్లారా. భర్త ఉండగానే అడుగుదాం, ఆయన పోయాక మరుదులతో తగువు పడుతూ కాదు.