మాలిష్ కూడా ఇలాజే

మా అమ్మీకి ఫాలిజ్ వచ్చినప్పుడు ఆసుపత్రి బిల్లుకి భయపడలేదు. నేను సర్కారీ టీచర్ని, ఈహెచ్‌ఎస్ కార్డు ఉంది. అల్‌హందులిల్లాహ్, జాన్ దక్కింది.

అసలు ఇమ్తెహాన్ డిశ్చార్జి అయ్యాక మొదలైంది. కుడి చెయ్యి లేవదు. తస్బీహ్ పట్టుకోలేదు. రోజూ ఫిజియోథెరపీ, మాలిష్ తప్పదన్నారు డాక్టర్ సాబ్. రాజోలు నుంచి అమలాపురానికి ఆటో, ఆపైన ఒక్కో సిట్టింగ్‌కి ఫీజు. అంతా మా జేబులోంచే.

2013లో నెలకు 90, 120 రూపాయల కోతతో మొదలైన ఈ స్కీము ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే ఇలాజ్ కోసం. కానీ ఫాలిజ్ మనిషి చెయ్యీ కాలూ కూడదీసుకునేది ఇంటికొచ్చాకే కదా!

ఆరామ్ కోసం ఒళ్లు పట్టించుకోడానికి సర్కారు పైసలు అడగడం బేఇన్సాఫీ. నేను అడిగేది అది కాదు. డాక్టరు రాసిచ్చింది, చదువుకున్న థెరపిస్టు చేసేది, ఇన్ని సిట్టింగులని లెక్క ఉన్నది. కేంద్ర ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్ రేట్ల పట్టికలో ఫిజియోథెరపీ ఉంది. మనం అడిగితే తప్పేంటి? యూనియన్లలో ఉన్న భాయీలూ, బహెన్లూ, ఈ మాట ఎత్తండి. ఇది ఖైరాత్ కాదు, మన హక్.

నిన్న ఫజర్ తర్వాత అమ్మీ కుడిచేత్తో రెండు తస్బీహ్ పూసలు జరిపింది. జేబు ఖాళీ అయిందని మూడో పూస దగ్గర ఆగిపోవాలా?