పంపిన సందేశం చేరిందా?

మీ ఇంట్లో పెద్దవారి ఆసుపత్రి చీటీ మీద ఎవరి ఫోన్ నంబరు రాసి ఉందో మీకు తెలుసా? ఈ ప్రశ్న అడగడానికి నాకొక కారణం ఉంది.

రావికమతం మండలంలోని ఒక పల్లె నుండి ఒక రైతు నా వద్దకు వైద్యానికి వచ్చేవారు. గుండె కవాటం మార్పిడి జరిగినందున, రక్తం గడ్డకట్టకుండా రోజూ రాత్రి వార్ఫరిన్ మాత్ర వేసుకునేవారు. ఈ మందు మోతాదు తగ్గితే కవాటం మీద గడ్డ ఏర్పడవచ్చు, మించితే రక్తస్రావం కావచ్చు. అందుకే తరచుగా ఐ.ఎన్.ఆర్. పరీక్ష అవసరమవుతుంది. ఒక శనివారం సాయంత్రం ఆయన పరీక్షా ఫలితం ఉండవలసిన దానికంటే బాగా ఎక్కువగా వచ్చింది. మాత్ర ఆపి రేపే రమ్మని ఆంగ్లంలో ఎస్సెమ్మెస్ పంపాను. సందేశం చేరినట్లు ఫోన్ చూపించింది. నిశ్చింతగా ఇంటికి వెళ్లాను.

ఆయన మంగళవారం వచ్చారు, చిగుళ్ల నుండి రక్తం కారుతూ. చీటీ మీది నంబరు అనకాపల్లిలో పనిచేసే కుమారుడిది. అతడు సందేశాన్ని ఆదివారం రాత్రి చూశాడు. ‘రేపు’ అంటే సోమవారమని అనుకున్నాడు. తండ్రికి ఫోన్ చేస్తే కొండవైపు ఉన్న ఆ పల్లెలో సిగ్నల్ అందలేదు. ఈలోగా ఆయన మరో మూడు మాత్రలు వేసుకున్నారు. చికిత్సతో అపాయం తప్పింది. తప్పు మాత్రం ఆ అబ్బాయిది కాదు, నాది.

సందేశాల వల్ల ప్రయోజనం లేదని నేను అనను. మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న 537 మంది పురుషులపై చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. ఆహారం, వ్యాయామాలను గుర్తుచేస్తూ క్రమం తప్పక సందేశాలు అందుకున్నవారిలో రెండేళ్లలో 18 శాతం మందికి మధుమేహం వచ్చింది. అందుకోనివారిలో అది 27 శాతం. అయితే అవి గుర్తుచేసే సందేశాలు. ఒకటి చదవకపోయినా మరొకటి వస్తుంది. నేను పంపినది ఆ కోవకు చెందినది కాదు. ప్రాణంతో ముడిపడిన ఫలితాన్ని నోటితో చెప్పాలి, విన్నవారి చేత తిరిగి చెప్పించుకోవాలి.

ఇక భాష సంగతి. ఒక ఎస్సెమ్మెస్‌లో ఆంగ్లమైతే 160 అక్షరాలు పడతాయి, తెలుగైతే 70 మాత్రమే. పైగా గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘రక్తపరీక్ష’ కంటికి ఐదక్షరాలు, ఫోన్ లెక్కలో పది. 70 దాటితే రెండు సందేశాల ఖర్చు. ఆసుపత్రులు ఆంగ్లాన్ని ఎంచుకోవడానికి ఇదొక సాకు. నాకది సమంజసంగా తోచదు. ‘సోమవారం ఉదయం ఏమీ తినకుండా రక్తపరీక్షకు రండి.’ ఇది 44 మాత్రమే; రోగి పేరు చేర్చినా ఒక్క సందేశంలోనే ఇముడుతుంది. ఇందులో ‘రేపు’ అనే మాట లేదని గమనించండి. సందేశాన్ని ఎప్పుడు చదువుతారో పంపేవారికి తెలియదు కనుక వారమో తేదీయో రాయడమే క్షేమం.

మీరు పంపేవారైనప్పుడూ ఇంతే. ఛాతీ నొప్పి, పాముకాటు వంటివాటికి బంధువులకు సందేశం పెట్టి బదులు కోసం కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి. మందు మోతాదు మారిందని అమ్మకో నాన్నకో సందేశం పెడితే, సాయంత్రం ఒకసారి మాట్లాడి ఏ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారో వారి నోటనే వినండి.

ఆ రైతు చీటీ మీద తరువాత మరో రెండు నంబర్లు రాయించాను. ఒకటి ఆయన భార్యది, రెండవది వీధి చివరి కిరాణా కొట్టుది.