థాయ్ తాలీమ్ ఒక బహానా?

బ్యాంకాక్‌లో థాయ్ జబాన్ నేర్చుకుంటానని స్టూడెంట్ వీసా తీసుకుని, క్లాసు మొహం చూడని కుర్రాళ్లని "హోషియార్" అని మెచ్చుకోకండి జనాబ్. అది ఝూట్. "ఫీజు కట్టు, వీసా పొడిగింపు మేం చూసుకుంటాం" అనే ఏజెంటుది ధోకా. 1,900 బాత్ కట్టగానే పొడిగించరు. స్కూలు ఇచ్చే కాగితాలు, హాజరు చూస్తారు. ఇమిగ్రేషన్ అధికారి థాయ్‌లోనే నాలుగు ప్రశ్నలు వేయొచ్చు. 44 హల్లులు, గొంతు ఎత్తి దించితే అర్థమే మారిపోయే భాష! అక్కడ ఏజెంటు వచ్చి జవాబు చెబుతాడా? పొడిగింపు దొరక్క అక్కడే ఉండిపోతే రోజుకు 500 బాత్ జుర్మానా, 20,000 దాకా. అలా ఉంటూ పట్టుబడితే 5 ఏళ్లు మళ్లీ రానివ్వరు. పైగా, మెహనత్ చేసి నిజంగా చదివే పిల్లల మీదా షక్. అమ్మీలూ, అబ్బాలూ, ఫోన్‌లో "పైసలు సరిపోయాయా" అనే ముందు "క్లాసుకెళ్లావా బేటా" అని అడగండి.