చెల్లని సంతకం

మాది దండల పెళ్లి. తునిలో ఒక చిన్న సభ. మంత్రం లేదు, మంగళసూత్రం లేదు. ఇద్దరం దండలు మార్చుకున్నాం, నాలుగు మాటలు మాట్లాడాం, వచ్చినవారికి టీ ఇచ్చాం. సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లకు చట్టంలో విలువ లేదన్న సంగతి మా పాపకు నాలుగేళ్లు వచ్చాకగాని నాకు తెలిసిరాలేదు.

పాప పేర కొంత డబ్బు దాచుదామని ఒక కార్యాలయానికి వెళ్లాను. గుమాస్తా మర్యాదస్తుడే. "పెళ్లి సర్టిఫికెట్టు ఉందా మాస్టారూ?" అన్నాడు. లేదన్నాను. "అయితే అమ్మగారిని తీసుకురండి. మీ సంతకం చెల్లదండీ" అన్నాడు. కోపం వచ్చిన మాట నిజం. కాని ఇంటికి వచ్చి చట్టం తిరగేశాక ఆ కోపం గుమాస్తా మీద నిలవలేదు. అతడు ఉన్నదే చెప్పాడు. తప్పు రాసినవారిది, కొంత మనది కూడా.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం ఆరవ సెక్షను చూడండి. వివాహబంధంలో పుట్టిన బిడ్డకు సహజ సంరక్షకుడు తండ్రి. ఆయన తర్వాత తల్లి. వివాహం లేకుండా పుట్టిన బిడ్డకు తల్లి. ఆమె తర్వాత తండ్రి. చట్టం ఈ రెండో బిడ్డను "అక్రమ సంతానం" అని పిలుస్తుంది. అక్రమం ఏదైనా ఉంటే అది పెద్దలది కావాలిగాని, నిన్న పుట్టిన పసికందుది ఎలా అయింది?

పైకి ఇది తల్లికి ఇచ్చిన గౌరవంలా కనిపిస్తుంది. నిజానికి ఇది ఆస్తి భాష. వారసుడనదగిన బిడ్డ మీద అధికారం తండ్రిది. వారసుడు కాడనుకున్న బిడ్డ భారం తల్లిది. మన గోదావరి సీమలో కళావంతుల ఇళ్లలో పుట్టిన పిల్లల చరిత్ర ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. దేవదాసీ అంకితాన్ని మద్రాసు ప్రభుత్వం 1947లో నిషేధించింది. ఆ పిల్లల తండ్రులను మాత్రం ఏ చట్టమూ పేరుపెట్టి పిలవలేదు.

ఇంతకూ రెండు చోట్లా లేనిది ఒక్కటే: "ఇద్దరూ" అన్న మాట. పెళ్లయితే తండ్రి, కాకపోతే తల్లి. ఇద్దరూ కలిసి పెంచే బిడ్డ ఈ చట్టం ఊహకు అందలేదు. గీతా హరిహరన్ తన కొడుకు పేర బాండ్ల కోసం 1984లో భర్త సమ్మతితోనే దరఖాస్తు చేస్తే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం అడిగింది. "తర్వాత" అంటే "చనిపోయిన తర్వాత" అనే కాదు, "లేనప్పుడు" అని కూడా అర్థమని సుప్రీంకోర్టు చెప్పడానికి 1999 దాకా పట్టింది. ఆ తీర్పు కూడా తల్లిని తండ్రి పక్కన కూర్చోబెట్టలేదు. ఆయన లేచిన కుర్చీలో కూర్చోవచ్చునన్నది. 2015లో అదే కోర్టు, అవివాహిత తల్లి తండ్రి పేరు చెప్పకుండానే, ఆయనకు నోటీసు పంపకుండానే సంరక్షకత్వం కోరవచ్చునన్నది. మంచి తీర్పు. కాని అది ఒంటరి తల్లికి. జంటకు దారి ఏదీ?

1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ఉన్నది కదా అంటారు. దాని పంతొమ్మిదో సెక్షను ప్రకారం, తల్లి గాని తండ్రి గాని బతికి ఉండి అనర్హులు కానంతవరకు బిడ్డకు కోర్టు వేరొక సంరక్షకుణ్ణి నియమించదు. నేను పాపకు సంరక్షకుణ్ణి కావాలంటే ముందు ఆమె తల్లి అనర్హురాలని రుజువు చేయాలా? దీర్ఘ సహజీవనాన్ని కోర్టులు వివాహంగా భావిస్తాయి, నిజమే. 1978లో బద్రీప్రసాద్ కేసులో అలాగే భావించాయి. అక్కడ ఆ జంట కాపురం సుమారు యాభై ఏళ్లు. మా పాప అంతకాలం మైనరుగా ఉండదు.

ఇక మన తప్పు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో "వివాహవిధి" రాసి, తానే పురోహితుడై పెళ్లిళ్లు జరిపించాడు. ఆ తర్వాత మన సభల్లో ఎన్ని దండల పెళ్లిళ్లు! కాని 1967లో మద్రాసు రాష్ట్రం హిందూ వివాహచట్టానికి 7-ఏ సెక్షను చేర్చి ఆత్మగౌరవ వివాహాలకు చట్టబద్ధత కల్పించినప్పుడు, మనం ఇక్కడ అటువంటిది సాధించలేదు. ఆదర్శాన్ని వేదిక మీద పెట్టి, బిడ్డను వేదిక కింద వదిలాం. వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించేనాటికి దానికి చట్టం వచ్చి పాతికేళ్లయింది. అప్పుడు సంఘం చట్టం వెనుక ఉన్నది. ఇప్పుడు చట్టం సంఘం వెనుక ఉన్నది.

కొందరు మిత్రులంటారు: పారిపోయిన మగవాడికి కూడా హక్కు ఇస్తారా? ఇవ్వకూడదు. తల్లి ఒప్పుకోలు లేని అధికారం పాత పెత్తనమే. కాని ఇద్దరూ కోరుకున్నప్పుడు అడ్డమేమిటి? జర్మనీలో 1998 నుంచి పెళ్లికాని తల్లిదండ్రులు ఉమ్మడి ప్రకటన ఇచ్చి ఈ బాధ్యత పంచుకుంటున్నారు. ఇంగ్లండులో 2003 డిసెంబరు నుంచి తల్లితో కలిసి జనన నమోదు చేయించిన తండ్రికి అది సంక్రమిస్తుంది.

ఉత్తరాఖండ్ 2024 చట్టం సహజీవనంలో పుట్టిన బిడ్డను సక్రమ సంతానమన్నది. సంతోషమే. కాని నెలలోపు నమోదు చేసుకోని జంటకు జైలుశిక్ష పెట్టింది, నమోదు వివరాలను పోలీసు స్టేషనుకు పంపమన్నది. బిడ్డకు పేరిచ్చి, తల్లిదండ్రులపై నిఘా పెట్టడం అభ్యుదయం కాదు.

దండలు మార్చుకున్న మిత్రులకు ఒక మాట. 1954 ప్రత్యేక వివాహచట్టం పదిహేనో సెక్షను కింద, ఇంతకుముందే ఏదో ఒక తంతుతో పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవారు తమ పెళ్లి నమోదు చేసుకోవచ్చు. ముప్పై రోజుల నోటీసు ఉంటుంది. ఆ తంతు తర్వాత పుట్టిన పిల్లల పేర్లు రిజిస్టరులో ఎక్కుతాయి; మొదటినుంచీ సక్రమ సంతానమే అవుతారు. మేమూ ఆ నోటీసు ఇచ్చాం.

సర్టిఫికెట్టు వచ్చిన నాడు నేను మొదటి సంరక్షకుణ్ణి అవుతాను, నాలుగేళ్లుగా ఆ స్థానంలో ఉన్న ఆమె రెండోది అవుతుంది. ఇదేనా మేము కోరింది? నోటీసు మీద సంతకం చేస్తూ ఆమె నవ్వి, "నిన్నటిదాకా నీది చెల్లలేదు, రేపటినుంచి నాది వెనకబడుతుంది" అన్నది. ఆరవ సెక్షనులో "తర్వాత" అన్న మాట కొట్టివేసి "ఇద్దరూ" అని రాయించేదాకా ఆమెకు నా దగ్గర జవాబు లేదు. మన సంఘాల దగ్గర ఉండాలి.